తెలియని ఆమ్లాన్ని పట్టించే టైట్రేషన్ వక్రరేఖ

తెల్లటి స్ఫటికాల పొడి. నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తుంది, వాసన లేదు. అది వంటింట్లో వాడే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం కావచ్చు. తుప్పు మరకలు వదిలించడానికి, పాలరాయి పాలిష్‌కు వాడే ఆక్సాలిక్ ఆమ్లం కూడా కావచ్చు. మొదటిది తినే పదార్థం, రెండోది విషం. కంటికి రెండూ ఒకటే. రుచి చూసి తేల్చుకుందామనే ఆలోచనే రాకూడదు. ఇలాంటి లేబుల్ ఊడిపోయిన పొడి ఏదో చెప్పడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం), సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం ద్రావణం, ఆమ్లత్వాన్ని అంకెగా చూపే ఒక మామూలు పీహెచ్ మీటర్ ఉంటే పని జరుగుతుంది. అయితే ఆ మూడింటినీ ఎలా వాడాలన్న దగ్గరే అసలు విషయం ఉంది. ఆమ్లంలోకి క్షారాన్ని కొలుస్తూ కొద్దికొద్దిగా పోయడమే టైట్రేషన్. అలా రంగు మారేదాకా క్షారం పోసి, ఆఖరి రీడింగ్ ఒక్కటే రాసుకుంటే ఆ పొడి ఏదో చాలాసార్లు తేలదు.

మొదట ఆ ఆఖరి రీడింగ్ ఏం చెబుతుందో చూడాలి. ఆమ్లంలో క్షారానికి ఇవ్వగల ప్రోటాన్లు (హైడ్రోజన్ అయాన్లు) ఎన్ని ఉన్నాయో, సరిగ్గా అన్నే హైడ్రాక్సైడ్ అయాన్లు ఖర్చవుతాయి. పొడి బరువు తెలుసు, ఖర్చయిన క్షారం మోల్‌లు తెలుసు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది ఆ ఆమ్లపు తుల్యభారం, అంటే ఒక మోల్ ప్రోటాన్లు ఇవ్వడానికి కావలసిన పదార్థం బరువు. ఒకే ప్రోటాన్ ఇచ్చే ఆమ్లానికి తుల్యభారమూ అణుభారమూ ఒకటే. రెండు ఇచ్చేదానికి అణుభారంలో సగం, మూడు ఇచ్చేదానికి మూడో వంతు.

ఈ లెక్క నిలబడాలంటే క్షారం గాఢత నిక్కచ్చిగా తెలియాలి. సోడియం హైడ్రాక్సైడ్‌ను తూచి నీళ్లలో కలిపి, లెక్క వేసుకున్న గాఢతనే నమ్మడం కుదరదు. దాని గుళికలు త్రాసు మీద ఉండగానే గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పట్టుకుని పైపొరలో కార్బొనేట్‌గా మారుతుంటాయి. అందుకే దాన్ని ముందుగా పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో ప్రమాణీకరిస్తారు, అంటే కచ్చితంగా తూచిన ఆ లవణంతో టైట్రేట్ చేసి అసలు గాఢత తేలుస్తారు. ల్యాబ్‌లో అందరూ కేహెచ్‌పీ అని పిలిచే ఈ లవణం తేమ పట్టదు, శుద్ధంగా దొరుకుతుంది, ఒక్కటే ప్రోటాన్ ఇస్తుంది. దాని అణుభారం 204.22 కావడం మరో సౌకర్యం. అణుభారం ఎక్కువైతే తూచాల్సిన బరువు పెరుగుతుంది, తూకంలో దొర్లే పొరపాటు వాటా తగ్గుతుంది. 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి చల్లార్చిన కేహెచ్‌పీ 0.5105 గ్రాములు తీసుకున్నామనుకుందాం. అంటే 2.500 మిల్లీమోల్‌లు. దానికి 25.30 మి.లీ. క్షారం పట్టితే గాఢత 0.0988 మోలార్. సీసా మీద 0.1 అని రాసి ఉన్నా లెక్కలోకి వచ్చేది ఈ 0.0988 మాత్రమే.

ఇప్పుడు మన పొడి దగ్గరికి వద్దాం. 0.1600 గ్రాములు తూచి, 50 మి.లీ. నీళ్లలో కరిగించి, రంగు మారి ముగింపును చూపే ఫినాఫ్తలీన్ సూచిక రెండు చుక్కలు వేసి టైట్రేషన్ చేస్తే 25.45 మి.లీ. దగ్గర లేత గులాబీ రంగు నిలిచింది అనుకుందాం. ఖర్చయిన క్షారం 2.514 మిల్లీమోల్‌లు, తుల్యభారం 63.6.

పట్టికలు తెరిస్తే నీళ్లు లేని సిట్రిక్ ఆమ్లం అణుభారం 192.12, ప్రోటాన్లు మూడు, తుల్యభారం 64.04. ఆక్సాలిక్ ఆమ్లం మామూలుగా రెండు నీటి అణువులతో కలిసి స్ఫటికంగా దొరుకుతుంది. దాని అణుభారం 126.07, ప్రోటాన్లు రెండు, తుల్యభారం 63.03. మనకు వచ్చిన 63.6 సరిగ్గా ఈ రెండింటికీ నడుమన పడింది.

ఈ ఇబ్బంది ఎంత సన్నటి గీత మీద ఉందో బ్యూరెట్ భాషలో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ పొడి పూర్తిగా శుద్ధమైన సిట్రిక్ ఆమ్లమే అయితే 25.29 మి.లీ. పట్టాలి. శుద్ధమైన ఆక్సాలిక్ ఆమ్లం అయితే 25.69 మి.లీ. రెంటికీ తేడా 0.40 మి.లీ., బ్యూరెట్ మీద నాలుగు చిన్న గీతలు. బ్యూరెట్ నుంచి పడే ఒక చుక్క దాదాపు 0.05 మి.లీ. ఉంటుంది. సిట్రిక్ ఆమ్లానికి మూడు చుక్కలు ఎక్కువ పోసినా ఇదే 25.45 వస్తుంది. ఆక్సాలిక్ ఆమ్లపు పొడిలో ఒక శాతం అదనపు తేమ ఉన్నా ఇదే 25.45 వస్తుంది. చెయ్యి తిరిగినవారు అన్నీ జాగ్రత్తగా చేసి, మూడుసార్లు ఒకే రీడింగ్ తెచ్చినా పొడిలోని తేమ సంగతి బ్యూరెట్ చెప్పలేదు. తినేదా విషమా అనే ప్రశ్నకు జవాబు మూడు చుక్కల మీద ఆధారపడటం ఎవరికీ సమ్మతం కాదు.

పైగా సిట్రిక్ ఆమ్లం ఒక నీటి అణువుతో కలిసిన స్ఫటికంగానూ అమ్ముతారు. అప్పుడు దాని తుల్యభారం 70.05. మాలిక్ ఆమ్లానిది 67.04. సక్సినిక్ ఆమ్లానిది 59.04, మాలేయిక్, ఫ్యూమరిక్ ఆమ్లాలు రెండింటిదీ 58.04. ఎన్నో కర్బన ఆమ్లాల తుల్యభారాలు ఇలా 58 నుంచి 75 మధ్య ఇరుకిరుగ్గా కూర్చుని ఉంటాయి. తుల్యభారం అనుమానితుల జాబితాను కుదిస్తుంది. అంతవరకు దానికి విలువ ఉంది, అంతకు మించి దాన్ని లాగకూడదు.

మిగతా ఆధారం ఆఖరి చుక్కకు ముందు, దారి పొడవునా పరుచుకుని ఉంటుంది. ప్రతి ఆమ్లం తన ప్రోటాన్‌ను ఒకే గట్టితనంతో పట్టుకోదు. ఆ పట్టును కొలిచే అంకె పీకేఏ. అది ఎంత తక్కువైతే ప్రోటాన్ అంత సులువుగా ఊడివస్తుంది. ఎసిటిక్ ఆమ్లానికి 4.76, బెంజోయిక్‌కు 4.20, లాక్టిక్‌కు 3.86. ఇది పదార్థపు గుణం. ఎంత తూచాం, ఎంత తేమ ఉంది అన్నవాటితో దానికి పని లేదు.

దీన్ని కొలిచే ఉపాయం అందమైనది. ఒకే ప్రోటాన్ ఉన్న ఆమ్లాన్ని సరిగ్గా సగం తటస్థీకరిస్తే, ద్రావణంలో మిగిలిన ఆమ్లమూ తయారైన దాని లవణమూ సమానంగా ఉంటాయి. పీహెచ్‌నూ పీకేఏనూ ముడిపెట్టే హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణంలో ఆ రెంటి నిష్పత్తి ఒకటి అవుతుంది, ఒకటి లాగరిథమ్ సున్నా, కాబట్టి ఆ క్షణంలో పీహెచ్ ఎంత ఉంటే పీకేఏ అంత. అమెరికాలో లారెన్స్ హెండర్సన్ 1908లో రక్తం ఆమ్లత్వం ఎలా నిలకడగా ఉంటుందో వివరించే ప్రయత్నంలో ఈ సంబంధాన్ని రాశాడు. మరుసటి ఏడాది, 1909లో, కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ పీహెచ్ కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. ఆ తర్వాత డెన్మార్క్‌కే చెందిన హాసెల్‌బాల్క్ హెండర్సన్ సమీకరణాన్ని లాగరిథమ్ రూపంలోకి మార్చాడు. 1934లో కాలిఫోర్నియాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ పీహెచ్ మీటర్ తయారు చేసింది నిమ్మజాతి పండ్ల రసాల ఆమ్లత్వం కొలవలేక అవస్థపడుతున్న మిత్రుడి కోసం.

సగం బిందువు దగ్గర కొలవడంలో ఉన్న లాభం ఎంత చెప్పినా తక్కువే. అక్కడ పొడి బరువు అక్కర్లేదు, క్షారం గాఢత కూడా అక్కర్లేదు. మొత్తం పట్టిన ఘనపరిమాణంలో సగం ఎంతో తెలిస్తే చాలు. పైగా ఆ ప్రాంతం బఫర్ ప్రాంతం, అంటే పోసిన క్షారానికి ఎదురుగా పీహెచ్‌ను గీసిన వక్రరేఖ దాదాపు చదునుగా సాగే చోటు. ఘనపరిమాణం ఒక శాతం తప్పినా పీహెచ్ 0.02 కూడా మారదు. తుల్యభారాన్ని పాడుచేసిన తేమ, చుక్కల పొరపాట్లు ఇక్కడ లెక్కలోకే రావు.

మన పొడికి ఇది వర్తింపజేద్దాం. ఈసారి పీహెచ్ మీటర్‌ను పీహెచ్ 4, 7, 10 దగ్గర నిలిచి ఉండే బఫర్ ద్రావణాలతో సరిచూసుకుని, ఎలక్ట్రోడ్‌ను బీకరులో ముంచి, ఒక్కో మి.లీ. క్షారం పోస్తూ పీహెచ్ రాసుకుంటూ వెళ్లాలి. ఆక్సాలిక్ ఆమ్లపు మొదటి ప్రోటాన్ పీకేఏ దాదాపు 1.25, చాలా వదులుగా ఉంటుంది. రెండోది 4.27. సిట్రిక్ ఆమ్లానివి 3.13, 4.76, 6.40. మనం తీసుకున్న 0.16 గ్రాముల పొడి 50 మి.లీ. నీళ్లలో ఉంటే, క్షారం ఒక్క చుక్క కూడా పడకముందే ఆక్సాలిక్ ద్రావణం పీహెచ్ 1.7 దగ్గర, సిట్రిక్ ద్రావణం 2.5 దగ్గర ఉంటాయి. సగం దూరం, అంటే 12.7 మి.లీ. పోశాక తేడా ఇంకా పెద్దదవుతుంది. ఆక్సాలిక్ అయితే అప్పటికి మొదటి ప్రోటాన్ పూర్తిగా పోయి, పీహెచ్ 3 దగ్గర ఉంటుంది. సిట్రిక్ అయితే ఒకటిన్నర ప్రోటాన్లు పోయి, రెండో పీకేఏ దగ్గర, 4.5–4.7 మధ్య ఉంటుంది. ఒకటిన్నర పీహెచ్ తేడా అంటే హైడ్రోజన్ అయాన్ గాఢతలో ముప్పై రెట్లకు పైగా తేడా. మూడు చుక్కల దగ్గర చిక్కుకున్న ప్రశ్న ఇక్కడ ఒక్క చూపులో తేలిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సగం దగ్గర పీహెచ్ చూసి అదే పీకేఏ అని రాసేయడం ఒకే ప్రోటాన్ ఉన్న ఆమ్లాలకే చెల్లుతుంది. దీనికి టార్టారిక్ ఆమ్లం చక్కటి ఉదాహరణ. చింతపండు పులుపుకు ప్రధాన కారణం ఇదే. అణుభారం 150.09, ప్రోటాన్లు రెండు, తుల్యభారం 75.04. పీకేఏలు 2.98, 4.34, మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి మధ్యలో పెద్ద మలుపేమీ కనిపించదు. గ్రాఫ్ మీద ఒక్కటే నిటారు ఎగబాకుడు ఉంటుంది. చూసినవారు ఒకే ప్రోటాన్ ఆమ్లం అనుకుంటారు. సగం బిందువు దగ్గర పీహెచ్ ఆ రెండు పీకేఏల సగటు, 3.7 దరిదాపుల్లో వస్తుంది. అణుభారం 75, పీకేఏ 3.7 అని పట్టిక వెతికితే గ్లైకాలిక్ ఆమ్లం కనబడుతుంది. దాని అణుభారం 76.05, పీకేఏ 3.83. చర్మానికి రాసే క్రీముల్లో వాడే ఆమ్లం అది. రెండు అంకెలూ దాదాపు సరిపోయాయి, కానీ జవాబు తప్పు.

దీన్నుంచి బయటపడేసే పరీక్ష వక్రరేఖలోనే ఉంది. పావు వంతు క్షారం పోసినప్పటి పీహెచ్, ముప్పావు వంతు పోసినప్పటి పీహెచ్ తీసుకుని తేడా చూడాలి. ఒకే ప్రోటాన్ ఉన్న బలహీన ఆమ్లానికి పావు దగ్గర లవణం, ఆమ్లం నిష్పత్తి 1:3, ముప్పావు దగ్గర 3:1. ఒకటి మరొకదానికి తొమ్మిది రెట్లు. 9 లాగరిథమ్ 0.95. అందువల్ల ఆ తేడా ఏ ఆమ్లమైనా 0.95 దగ్గరే రావాలి. టార్టారిక్ ఆమ్లానికి అది 1.4–1.5 వస్తుంది, ఎందుకంటే పావు దగ్గర కనిపించేది మొదటి ప్రోటాన్ పట్టు, ముప్పావు దగ్గర కనిపించేది రెండోదాని పట్టు. 0.95 రావాల్సిన చోట 1.4 వచ్చిందంటే రెండో ప్రోటాన్ దాగి ఉందని అర్థం. ల్యాబ్ రికార్డుల్లో ఈ పరీక్ష అరుదుగా కనిపిస్తుంది. నిజానికి చేతిలో ఉన్న అంకెలతోనే, ఇంకో చుక్క ఖర్చు లేకుండా చేయగలిగే పరీక్ష ఇది.

పీకేఏల మధ్య దూరం నాలుగు దాటితే కథ మారుతుంది, అప్పుడు రెండు మలుపులూ విడివిడిగా కనిపిస్తాయి. మాలేయిక్, ఫ్యూమరిక్ ఆమ్లాల జంట ఇందుకు నిదర్శనం. రెండింటిలోనూ అవే పరమాణువులు, అన్నే ఉన్నాయి, అణుభారం 116.07. తుల్యభారంతో వీటిని విడదీయడం ఎంత మంచి త్రాసుకైనా అసాధ్యం. తేడా అంతా ఆకారంలో ఉంది. మాలేయిక్‌లో రెండు ఆమ్ల సమూహాలూ ద్విబంధానికి ఒకే పక్కన ఉంటాయి. ఒకటి ప్రోటాన్ వదిలాక, మిగిలిన ప్రోటాన్‌ను రెండూ కలిసి హైడ్రోజన్ బంధంతో గట్టిగా పట్టుకుంటాయి. దాంతో మొదటిది తేలిగ్గా పోతుంది, రెండోది మొండికేస్తుంది. పీకేఏలు 1.92, 6.23. ఫ్యూమరిక్‌లో అవి ఎదురెదురు పక్కల ఉండటంతో అలాంటి సాయం కుదరదు, పీకేఏలు 3.02, 4.38. మొదటిదాని గ్రాఫ్‌లో రెండు మెట్లు, రెండోదానిలో ఒకటే. అణువులోని ఆకారం కాగితం మీద గీతగా కనిపించడం రసాయనశాస్త్రం నేర్పే గొప్ప పాఠాల్లో ఒకటి.

ఇదంతా సవ్యంగా నడవాలంటే తుల్య బిందువు, అంటే ఆమ్లపు ప్రోటాన్లన్నిటికీ సరిపడా క్షారం పడిన చోటు, ఎక్కడుందో సరిగ్గా తెలియాలి, సగం, పావు అన్నీ దాన్నుంచి లెక్కించేవే కదా. ఫినాఫ్తలీన్ రంగు పీహెచ్ 8.2 నుంచి 10 మధ్య మారుతుంది కాబట్టి మామూలు బలహీన ఆమ్లాలకు అది సరిపోతుంది. మిథైల్ ఆరెంజ్ 3.1–4.4 మధ్య మారుతుంది, ఆ పరిధి చాలా ఆమ్లాలకు బఫర్ ప్రాంతంలోనే పడుతుంది. ఎసిటిక్ ఆమ్లానికి దాన్ని వాడితే సగం కూడా పూర్తికాకుండానే రంగు మారిపోతుంది. పీహెచ్ మీటర్ ఉన్నప్పుడు వరుస రీడింగ్‌ల మధ్య పీహెచ్ మార్పును ఘనపరిమాణం మార్పుతో భాగించి, ఆ విలువ గరిష్ఠంగా ఉన్న చోటును తీసుకోవడం మంచి పద్ధతి. స్వీడన్ రసాయనవేత్త గున్నార్ గ్రాన్ 1952లో ప్రచురించిన పద్ధతి ఇంకా మెరుగైనది. అది నిటారు భాగాన్ని వదిలేసి, అంతకు ముందున్న రీడింగ్‌లను సరళరేఖగా మార్చి, ఆ గీత గ్రాఫ్ అక్షాన్ని తాకే చోటును తుల్య బిందువుగా తీసుకుంటుంది. నిటారు భాగంలో ఎలక్ట్రోడ్ రీడింగ్ నిలకడగా ఉండదు కాబట్టి ఇది చాలా తెలివైన ఉపాయం.

వచ్చిన పీకేఏ పట్టికలోని అంకెతో అచ్చంగా కలవకపోతే కంగారు పడనక్కర్లేదు. పట్టిక విలువలు ఎక్కువగా అనంత విలీన ద్రావణానికి, అంటే అయాన్లు దాదాపు లేనంత పలుచటి ద్రావణానికి, సరిచేసినవి. ద్రావణంలో అయాన్లు పెరిగేకొద్దీ కొలిచిన విలువ కిందికి జరుగుతుంది, అందులోనూ రెండో, మూడో ప్రోటాన్లకు ఎక్కువగా. సిట్రిక్ మూడో పీకేఏ 6.40 బదులు 5.8 దగ్గర కనిపించడం మామూలే.

అసలు ఇబ్బంది పెట్టే ఆమ్లాలు వేరే ఉన్నాయి. బెంజోయిక్ ఆమ్లం లీటరు చల్లటి నీళ్లలో మూడున్నర గ్రాములకు మించి కరగదు. ఆల్కహాల్ కలిపితే కరుగుతుంది, తుల్యభారం చక్కగా వస్తుంది, కానీ ఆల్కహాల్ నీటిలో పీకేఏ పైకి జరుగుతుంది. ఆ అంకెను నీటి పట్టికతో పోల్చడం తప్పుదారి. క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్‌ది మరో రకం చిక్కు. దాని పీకేఏ 9.24, నేరుగా టైట్రేట్ చేస్తే స్పష్టమైన మలుపే రాదు. గ్లిజరాల్ గానీ మానిటాల్ గానీ కలిపితే అది వాటితో జట్టుకట్టి చాలా బలమైన ఆమ్లంలా ప్రవర్తిస్తుంది, అప్పుడు ఫినాఫ్తలీన్ పనిచేస్తుంది. అటు చివర హైడ్రోక్లోరిక్, నైట్రిక్ వంటి బలమైన ఆమ్లాలు నీళ్లలో పూర్తిగా ప్రోటాన్‌ను వదిలేస్తాయి. వాటి వక్రరేఖలు అచ్చు ఒకేలా ఉంటాయి. గాఢత తెలియని ద్రావణంగా ఇస్తే ఆ రెండింటినీ టైట్రేషన్ ఎప్పటికీ విడదీయలేదు. క్లోరైడ్‌ను పట్టించే సిల్వర్ నైట్రేట్ చుక్క ఒకటి వేసి చూడాల్సిందే.

అందువల్ల టైట్రేషన్ ఇచ్చిన పేరును మరో స్వతంత్ర పరీక్షతో సరిచూడటం మంచి అలవాటు. నీళ్లు లేని సిట్రిక్ ఆమ్లం 153 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆక్సాలిక్ ఆమ్లపు స్ఫటికాలు 101–102 దగ్గరే. ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో కాల్షియం క్లోరైడ్ వేస్తే ఆక్సాలిక్ చల్లగా ఉండగానే తెల్లటి అవక్షేపం ఇస్తుంది. కాల్షియం సిట్రేట్ అవక్షేపం కావాలంటే తటస్థ ద్రావణాన్ని మరిగించాలి.

మన ఇంటర్, డిగ్రీ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ లేని ఏడాది ఉండదు. ఏ ఆమ్లమో ముందే చెప్పి, దాని గాఢత ఎంతో కనుక్కోమంటారు. మూడు రీడింగ్‌లు ఒకటిగా వస్తే మార్కులు వస్తాయి. చేతికి నైపుణ్యం రావడానికి అది అవసరమే. కానీ ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోవడం పెద్ద నష్టం. అదే గాజు సామాను, అదే క్షారం, ఒక పీహెచ్ మీటర్ కలిపి, సీసా మీద పేరు లేకుండా ఇస్తే విద్యార్థి తన అంకెల మీద తానే వాదించుకోవాల్సి వస్తుంది. 63.6 వచ్చినప్పుడు ఏమనాలో ఆలోచించడం నుంచే విశ్లేషణ రసాయనం మొదలవుతుంది. పది అడుగుల దూరంలో ఉన్న మీటర్‌ను వాడనివ్వకుండా రంగు కోసం ఎదురుచూడమనడంలో అర్థం లేదు.

బయటి ప్రపంచంలోనూ ఆఖరి రీడింగ్‌ను అది చెప్పనిదానికి వాడటం చూస్తాం. చింతపండు గుజ్జు పులుపును టార్టారిక్ ఆమ్లంగా, నిమ్మరసం పులుపును సిట్రిక్ ఆమ్లంగా లెక్కించి శాతం రాస్తారు. అక్కడ పేరు కొలత నుంచి రాలేదు, ముందే ఒప్పుకున్న ఊహ అది. పాల కేంద్రాల్లో పాల ఆమ్లతను లాక్టిక్ ఆమ్లం శాతంగా చెప్పడం ఇంకా ఆసక్తికరం. అప్పుడే పితికిన పాలకు కూడా ఫినాఫ్తలీన్‌తో టైట్రేషన్ చేస్తే 0.12–0.16 శాతం వరకు వస్తుంది. ఆ పాలలో లాక్టిక్ ఆమ్లం ఉండటం దాదాపు శూన్యం. క్షారాన్ని ఖర్చుచేసింది కేసీన్, ఫాస్ఫేట్లు, సిట్రేట్లు. పాలు విరగబోయే దశకు వచ్చేసరికి బ్యాక్టీరియా చేసిన లాక్టిక్ ఆమ్లం దీనికి తోడవుతుంది. ఆ పెరిగిన భాగమే పాలు పాడవుతున్నాయనే సంకేతం. మొదటి 0.12–0.16ను తీసేసి చూడకపోతే, ఆ అంకె పాలలోని నిజమైన లాక్టిక్ ఆమ్లం ఎంతో చెప్పదు.